మేక మిగిలిన గోడ

మా కాలనీలో అమ్మన్నను ఇప్పుడందరూ మేక మేస్త్రీ అంటారు. పిలిస్తే పలుకుతాడు కూడా. లోకోషెడ్డు దగ్గర కుర్రకారు ‘మే మే’ అని అరిచినా ఓ నవ్వు నవ్వి తన దారిన తను పోతాడు. రెండేళ్ళ కిందటైతే ఆ మాట అన్నవాడి నెత్తిన సున్నం బకెట్టు బోర్లించేవాడే. ఆ పేరెలా వచ్చిందో చెప్పాలంటే ముందు మా చిత్రశాల గొడవ చెప్పాలి. అది చెప్పాలంటే ఓపిక కావాలి. ఉన్నంతలో చెబుతాను.

నా పేరు సూర్యం. బిలాస్‌పూర్ గూడ్సాఫీసులో గుమాస్తాను. పొద్దస్తమానం వ్యాగన్ల నెంబర్లు రాసుకునేవాణ్ణి. బొమ్మలు గీయడం నాకు రాదు, తిన్నగా ఓ గీత గీయాలన్నా రూళ్ళకర్ర కావాలి. అలాంటివాడికి ఈ ఊళ్ళో బొమ్మలు వేసేవాళ్ళకు ఓ గది ఉండాలని ఎందుకు పట్టుకుందో నాకే తెలియదు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని మా ఆవిడ కనకం అననే అంది.

రైల్వే కాలనీ దాటి బజారుకు పోయే దారిలో ఊరి హాలు ఉంది. జనం కట్టే పన్నులతో కట్టిన హాలు, ఊరి కమిటీ నడుపుతుంది. దాని వెనక పొడవాటి గది ఒకటి విరిగిన కుర్చీలతో నిండి ఉండేది. ఆ గది కోసం నేను కమిటీ వాళ్ళ గుమ్మాలన్నీ అరిగేలా తిరిగాను. చివరికి నా పోరు పడలేక ఇచ్చారు. కలకత్తాలోనో నాగపూర్‌లోనో పేరు మోసినవాళ్ళ బొమ్మలు అక్కడికి రాకూడదు. ఈ ఊళ్ళో ఉంటూ, ఇంతవరకూ ఎక్కడా బొమ్మ తగిలించే యోగం పట్టనివాళ్ళకే ఆ గోడలు. దీపానికి నూనె, మేకులు, ఊడ్చే మనిషి కమిటీ ఖర్చు. గుమ్మం మీద ‘చిత్రశాల’ అని రాయించాను. పెళ్ళిళ్ళ రోజుల్లో మాత్రం బొమ్మలు దింపేసి ఆ గదిని ఆడపెళ్ళివారికి విడిదిగా ఇచ్చేవారు. అది వాళ్ళు పెట్టిన షరతు.

గది వచ్చింది గానీ జనం రాలేదు. బడి డ్రాయింగు మాస్టరు నీటిరంగులతో పడవలు వేసి తెచ్చాడు. మా అర్పా నదిలో వానాకాలం తప్ప పడవన్నది తేలదు. ఫైర్‌మన్ ఒకడు బొగ్గుముక్కతో ఇంజను వేశాడు, అది బాగుంది. చూడ్డానికి వచ్చేవాళ్ళు ఎండకు నీడ కోసం వచ్చేవాళ్ళు. ఒకాయన పడవ బొమ్మ ముందు చాలాసేపు నిలబడ్డాడు. నా కడుపు నిండిపోయి, మాట్లాడదామని పక్కకు వెళ్ళాను. ఆయన ఫ్రేము అద్దంలో చూసుకుంటూ మీసం దువ్వుకుంటున్నాడు.

మా ఆఫీసు హెడ్‌క్లర్కు ఆదినారాయణ గారే కమిటీకి వైస్ ప్రెసిడెంటు. ఆయనకు పేకాట ప్రాణం. “గోడలు సూసుకోడానికి పబ్లిక్కు సొమ్మెందుకోయ్ సూర్యం? ఆ గదిలో బల్లేసుకుంటే పదిమంది చేరతారు,” అనేవాడు కనిపించినప్పుడల్లా. ఆ ఏడు చలికాలంలో జిల్లా దొర హాలు చూడ్డానికి వస్తున్నాడని తెలిసింది. కమిటీ వాళ్ళు మీటింగు పెట్టి తేల్చేశారు. దొర చూసి ఉంచమంటే చిత్రశాల ఉంటుంది, లేకపోతే పేకాట బల్ల వస్తుంది. “ఆయనకి సూపించే సరుకేదైనా ఉంటే సూసుకో మరి,” అన్నాడు ఆదినారాయణ గారు. నా దగ్గర ఉన్నది పడవలూ ఒక ఇంజనూ.

ఆ దిగులుతోనే, సున్నం గ్యాంగులో పనిచేసే పోలయ్య కూతురి పెళ్ళికి వెళ్ళాను. అక్కడ వాళ్ళ క్వార్టర్ గోడ చూసి నిలబడిపోయాను.

శ్రీకాకుళం, బొబ్బిలి పక్కల నుంచి రైలు పనులకొచ్చిన మా కుటుంబాల్లో పెళ్ళిగోడ రాయించడం అలవాటు. పెళ్ళి జరిగే చోట ఒక గోడకు ఎర్రమట్టి అలికి, దాని మీద పల్లకీలూ, మేళగాళ్ళూ, కావిళ్ళూ, చిలకలూ రాస్తారు. పెళ్ళయ్యాక ఆ బొమ్మలు అలా ఉంటాయి. కానీ అక్కడే మరో శుభం తలపెడితే, లేదా ఎవరైనా పెద్దమనిషి కాలు పెడుతున్నాడంటే, ముందు పాత గోడకు సున్నం కొట్టెయ్యాలి. ఒకరి పెళ్ళిబొమ్మ ముందు మరొకరి శుభం జరక్కూడదంటారు మా పెద్దవాళ్ళు. అందుకే ఆ గోడల్ని ఎవరూ దాచుకోరు, తలుచుకోరు. నేనూ చిన్నప్పటి నుంచి ఎన్నో చూసి పక్క నుంచి నడిచిపోయినవాణ్ణే. పోలయ్య ఇంటి గోడ మీద మాత్రం మేళగాడు సన్నాయి ఊదుతూ బుగ్గలు నొప్పెట్టినట్టున్నాడు. పల్లకీ మోసే నలుగురిలో ఒకడు విసుక్కుంటున్నాడు. అలాంటిది నేనెక్కడా చూడలేదు.

“ఎవరు రాశారు?” అని అడిగాను.

“మా మేస్త్రీ పెళ్ళాం అచ్చియమ్మ,” అన్నాడు పోలయ్య.

మేస్త్రీ అంటే అమ్మన్న. రైల్వేలో సున్నం గ్యాంగుకు పెద్ద. స్టేషన్లూ, కేబిన్లూ, క్వార్టర్లూ తెల్లగా ఉన్నాయంటే అతని చలవే. వారంలో సగం రోజులు అకల్తరా, చాంపా వైపు లైను మీదే ఉంటాడు. మిగతా సగం పడుకుంటాడు. మంచి మనిషే, కానీ ఒళ్ళు అలిసిపోయి చూపు కూడా అలిసిపోయిన మనిషి.

మర్నాడు వాళ్ళ క్వార్టర్‌కు వెళ్ళి అచ్చియమ్మకు కాగితాలూ రంగులూ ఇవ్వబోయాను. ఆవిడ వాటిని ముట్టుకోలేదు.

“కాయితం మీద నా సెయ్యి ఆడదు బావూ. గోడ గావాల.”

గోడ సంపాదించడం కాగితం సంపాదించడమంత తేలిక కాదు. కమిటీ గోడకు మట్టి పూస్తావా అని ఆదినారాయణ గారు నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. నేనూ తక్కువ తినలేదు. ఎలాగూ పేకాట గదే అవుతుందనుకున్నారు గనక ఆఖరికి ఒప్పుకున్నారు.

అచ్చియమ్మ తిఫ్రా వైపు నుంచి ఎర్రమట్టి గంపకెత్తుకొచ్చింది. వంట ముగించి, మధ్యాహ్నం హాలుకొచ్చి, సాయంత్రం షెడ్డు కూత వినగానే చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేది. తెలుపుకు బియ్యప్పిండి, నలుపుకు దీపం మసి, పెళ్ళికూతురి చీరకు పసుపు. నేను ఆఫీసు నుంచి పోతూ పోతూ తొంగి చూసేవాణ్ణి. గోడ ఎడమ చివర రైలు ఆగింది, అందులోంచి ట్రంకు పెట్టెతో ఒకడు దిగాడు. పందిట్లో పీటల మీద అతనే. ఆ తర్వాత నిచ్చెన మీద కుంచెతో అతనే. కేబిన్ ముందు అతను, సిగ్నలు కింద అన్నం మూట విప్పుకుంటూ అతను, మంచం మీద పడి నిద్రపోతూ అతను. అందరు పెళ్ళికొడుకులకూ ఎడమ భుజం కాస్త వంగి ఉంది.

“పెళ్ళినాటికే భుజం వంగిపోయిందా?” అన్నాను.

“అప్పుడొంగనేదు బావూ. నిచ్చిన మోసీ మోసీ ఒంగింది. ఎలగా ఒంగీదే గదా అని ముందునించీ ఒంచీసినాను.”

అప్పుడర్థమైంది అది ఎవరి పెళ్ళో. తలుపు పక్కన అడుగు మూలలో ఒక మేక ఉంది. దాని నోట్లో బాసికం వేలాడుతోంది, వెనకాల బోడి నుదుటితో పెళ్ళికొడుకు పరిగెడుతున్నాడు. ఇదేమిటని అడిగితే అచ్చియమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆవిడ నవ్వగా చూడ్డం అదే మొదలు. వాళ్ళ పెళ్ళిలో ముహూర్తానికి కాస్త ముందు, పెళ్ళికొడుకు నుదుటికి కట్టాల్సిన బాసికాన్ని మేక ఎత్తుకుపోయిందట. అమ్మన్న పట్టుబట్టల్తో దాని వెంటపడి కంచెలో పడ్డాడు. చివరికి తాటాకు చించి బాసికంలా కట్టి తాళి కట్టించారు.

“ఇదెవులికీ సెప్పకండి బావూ. ఇక్కడోళ్ళకి తెలిస్తే మేక మేస్త్రీ అంతారని మా మావకి బయం. నన్ను ఒట్టేయించుకున్నాడు.”

“గోడ మీద రాసేశావు కదా?”

“సెప్పొద్దన్నాడు గానీ రాయొద్దన్నాడేటి?” అంది. గోడ వైపు తిరిగి, “ఓపాలి వొచ్చి సూసి ఎల్లమనండి బావూ. నా మాట ఇనడు. సూత్తే నవ్వుతాడు,” అంది.

గది నిలబెట్టుకోవాలన్నది నా గోల. ఆవిడకు దొరా అక్కర్లేదు, కమిటీ అక్కర్లేదు. ఆ గోడను అమ్మన్న ఒక్కసారి చూడాలి, అంతే.

అమ్మన్నతో నేను రెండుసార్లు చెప్పాను. మీ ఆవిడ గోడ మీద రాస్తోంది, రావయ్యా అని. “నాను పొద్దల్లా గోడలే సూత్తన్నాను బావూ. సెలవు నాడు కూడా గోడే సూడాలేటి?” అన్నాడు ఆవలిస్తూ. నేను చెప్పింది విని తలూపాడు గానీ, లైను మీంచి దిగొచ్చిన మనిషి తలూపడం వేరు, వినడం వేరు. చిత్రశాల అంటే అతని లెక్కలో ఫ్రేములు తగిలించే చోటు. అందుకని పేకింగ్ పెట్టె పలకలు తెచ్చి, మేకులు కొట్టి, పెళ్ళానికి ఓ బల్ల చేసిచ్చాడు, దాని మీద రాసుకొమ్మని. ఆవిడ దాని మీద మిరపకాయలు ఎండబెట్టుకుంది. బొమ్మ ఆ బల్ల మీదే ఉందనీ, దాన్ని ఎవరో హాలుకు మోసుకెళ్ళారనీ అతననుకున్నాడు. ప్రేమ లేక కాదు, అడగడానికి ఓపిక లేక.

దొర వచ్చే ముందురోజు గూడ్సాఫీసులో పని పడి నేను కదల్లేకపోయాను. ఆదినారాయణ గారు అమ్మన్నను పిలిచి, “దొరొస్తన్నాడోయ్, ఆ హాలు సూస్తే సిగ్గేస్తంది, మనోళ్ళ పరువు నీ సేతిలో ఉంది,” అన్నాడట. దొర అన్న మాట చాలు, మా వాళ్ళ చేతికి సున్నం కుంచె దానంతటదే వస్తుంది. ప్లాట్‌ఫారం రాళ్ళు, చెట్ల మొదళ్ళు, నీళ్ళ తొట్లు, దేన్నీ వదలరు. ఒకసారి లాల్‌ఖదాన్ గేటు దగ్గర పడుకున్న ఆవు కొమ్ములకూ కొట్టేశారని చెప్పుకుంటారు. పైగా ఆ హాల్లో తన పెళ్ళాం బొమ్మ ఉంటుంది. దొర దాన్ని మాసిన గోడల మధ్య చూడ్డమా అనుకున్నాడు అమ్మన్న. ఇంకో మాట చెప్పించుకోకుండా డ్యూటీ దిగిన గ్యాంగునంతా వెంటబెట్టుకుని వెళ్ళాడు.

మర్నాడు పొద్దున్నే నేను చిత్రశాల తలుపు తోసేసరికి నా కళ్ళు చెదిరాయి. నాలుగు గోడలూ పాలలా ఉన్నాయి. పడవలూ ఇంజనూ శుభ్రంగా తుడిచి మళ్ళీ తగిలించారు. ఎర్రగోడ లేదు. తలుపు పక్కన అడుగు మూలలో ఒక జానెడు వెడల్పున ఎర్రమట్టి, దాని మీద మేక, వెనకాల పెళ్ళికొడుకు. అంతే మిగిలింది. అమ్మన్న ఆ మూల దగ్గరే గొంతుక్కూర్చుని ఉన్నాడు. రాత్రి ఇంటికి వెళ్ళి, పెళ్ళానికి ఏమీ చెప్పలేక, తెల్లారగానే మళ్ళీ వచ్చేశాడట. పక్కన పోలయ్య నిలబడి ఉన్నాడు.

నాకు ఒళ్ళు తెలియలేదు. “నీ చేతులు పడిపోను! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావురా? ఇంత గోడ, ఇన్ని బొమ్మలు, ఒక్కటీ కనపడలేదా నీకు?” అని అరిచాను. జవాబు పోలయ్య చెప్పాడు.

“లాంతరు ఒకటే ఉన్నాది బావూ. ముందు హాలు అయీసరికి పొద్దుగూకిపోనాది. ఇక్కడికొచ్చి సూత్తే పెళ్ళిగోడ. వైశాకంలో సత్తినారాన కూతురి పెళ్ళికి ఇదే గదా విడిది, ఆల్ల గోడనుకున్నాం. దొరొత్తన్నాడు, పాత పెళ్ళిగోడ ఒగ్గీడం అపసకునం గాదేటి? సరసరా కొట్టీసినాం.”

“మరి ఇదెలా మిగిలింది?”

“ఆ మూల మేస్త్రీ కొట్టాల. కుంచి ఎత్తినోడు ఎత్తినట్టే నిలబడిపోనాడు. లాంతరు తెమ్మన్నాడు. తెచ్చి సూపించినాను. మేక. మాకేటి తెలుసు? మేస్త్రీ కూలబడిపోనాడు. లేసి, తడిగుడ్డెట్టి గోడ తుడవబోనాడు. బొమ్మలు రానేదు బావూ. పసుపుకి సున్నం తగిలీసి పారాణయిపోనాది. ఎక్కడ తుడిత్తే అక్కడ పారాణి కారతంది. సూళ్ళేక ఇంకో పూత ఏసీసినాం.”

మా వాళ్ళు తప్ప ఈ తప్పు ఇంకెవరూ చేసి ఉండరు. ఆ డ్రాయింగు మాస్టరు గ్యాంగులో ఉంటే బొమ్మ అనుకుని ఆగేవాడు. ఈ ఊరి తాపీవాడైనా ఎవరివని అడిగేవాడు. మా వాళ్ళు మాత్రం దాన్ని బాగా ఎరుగుదురు. ఎరుగుదురు గనకే ఒక్కడూ చూడలేదు. అది తలుచుకుంటే కోపం కూడా నీరసంగా వచ్చింది నాకు.

ఇంతలో అచ్చియమ్మ వచ్చింది. పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుంది, మడతలు ఇంకా విడలేదు. వెనకాల ఇరుగుపొరుగు ఆడవాళ్ళు, చెప్పుకుంటూ నవ్వుకుంటూ వస్తున్నవాళ్ళు గుమ్మంలోనే ఆగిపోయారు. ఆవిడ లోపలికొచ్చింది. గోడకు వేలు ఆనించి, వేలు చూసుకుంది, చీర చెంగుకు తుడుచుకుంది.

“రెండు పూతలేసినారు,” అంది. “ఒక పూతకి ఎర్రమట్టి దాగదు.”

ఏడ్చినా, తిట్టినా నాకు కాస్త తేలిగ్గా ఉండేది. వెళ్ళి గుమ్మం పక్కన గోడకు వీపు ఆనించి కూర్చుంది. మొగుడి వైపు చూడలేదు. అమ్మన్న కూడా తలెత్తలేదు.

ఆదినారాయణ గారు హడావిడిగా వచ్చి నాలుగు గోడలూ చూసి మురిసిపోయాడు. “శెభాష్ అమ్మన్నా! ఇదీ పనంటే. అచ్ఛా, ఆ మూల మరకొకటి ఒగ్గీసినావు, అదికూడా ఓ దెబ్బ కొట్టీ. దొర వొచ్చీసే టైమైంది.”

అమ్మన్న లేచి ఆ మూలకు అడ్డంగా నిలబడ్డాడు. “నేదు బాబూ. కొట్టను.”

“ఏటీ?”

“మా ఇంటిది రాసినాది. కొట్టను.”

హెడ్‌క్లర్కు మాటకు ‘నేదు’ అన్న మనిషిని నేను మా కాలనీలో అంతకు ముందు చూడలేదు. ఆదినారాయణ గారు నోరు తెరిచేలోపే బయట మోటారు ఆగింది.

దొర వచ్చాడు. ఎక్కడెక్కడో తిరిగి అలిసి వచ్చినట్టున్నాడు పాపం, పడవల ముందు ఆవలింత ఆపుకున్నాడు, ఇంజను ముందు కాసేపు నిలబడ్డాడు. గోడల వైపు చూసి, “సాఫ్ హై. బహుత్ సాఫ్,” అన్నాడు. చాలా శుభ్రంగా ఉందని. మా కమిటీ వాళ్ళు ఛాతీలు పొంగించారు. తిరిగి గుమ్మం వైపు వస్తూ మేకను చూశాడు. వంగి చూశాడు. “యే క్యా హై?” అన్నాడు. ఇదేమిటని.

నేను చెప్పబోయాను. నాకంటే ముందు అమ్మన్న నోరు విప్పాడు.

“బక్రీ హుజూర్. మేరా షాదీ కా బక్రీ.” మేక దొరా, నా పెళ్ళి మేక అని.

ఆ తర్వాత తనకొచ్చిన హిందీలో మొత్తం చెప్పేశాడు. బాసికం అంటే నుదుటి మీద చెయ్యి పెట్టి చూపించాడు. మేక ఎలా నమిలిందో నమిలి చూపించాడు. పట్టుబట్టల్తో కంచెలో ఎలా పడ్డాడో, తాటాకు బాసికం పెళ్ళయ్యేదాకా ఎలా గుచ్చుకుందో, ఏదీ దాచలేదు. కిటికీల దగ్గర కాలనీ జనమంతా ఉన్నారు. మొదట ఒకడు నవ్వాడు, తర్వాత అందరూ పగలబడి నవ్వారు. ఎవడో అప్పుడే ‘మేక మేస్త్రీ’ అన్నాడు. అమ్మన్న నవ్వలేదు. ఇరవై ఏళ్ళు దాచుకున్న సిగ్గును ఊరందరి ముందూ గుమ్మరించి, చెమట తుడుచుకున్నాడు.

దొర కూడా నవ్వాడు. ఎవరు వేశారని అడిగాడు. అమ్మన్న గుమ్మం వైపు చూపించాడు. అచ్చియమ్మ కొంగు సర్దుకుని లేచి నిలబడింది. “బాకీ కహాఁ హై? ఇతనా హీ?” అన్నాడు దొర. మిగతాది ఎక్కడా అని.

“బాకీ సబ్ మై చూనా మార్ దియా హుజూర్,” అన్నాడు అమ్మన్న. మిగతాదంతా నేనే సున్నం కొట్టేశాను అని.

దొరకు అది తమాషాగా తోచింది గాబోలు, ఇంకోసారి నవ్వి టీకి వెళ్ళిపోయాడు. టీ తాగుతూ, గది శుభ్రంగా ఉంది, ఇంకో ఏడాది ఉండనివ్వండి, ఇలాగే శుభ్రంగా ఉంచండి అన్నాడు. ఇక మీదట గోడల మీద ఎవరూ ఏమీ రాయకూడదని ఆదినారాయణ గారు అక్కడికక్కడే ఒక తీర్మానం కలిపాడు. మేక ఒకటి దొరను నవ్వించింది గనక దాని జోలికి పోలేదు. గది నిలబడింది. తెల్లగోడ వల్ల నిలబడింది. ఇన్నాళ్ళ నా తిరుగుడుకు దక్కింది ఇదీ. ఎవరితో పోట్లాడాలో తోచక, తాళం వేద్దామని చిత్రశాల వైపు నడిచాను.

లోపల ఇంకా ఇద్దరున్నారు. అచ్చియమ్మ పాత చోటే కూర్చుంది. అమ్మన్న గోడకు ఎదురుగా, టోపీ చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. నన్ను వాళ్ళు చూడలేదు.

“ఒలే, ఇంత గోడ మీద ఏటి రాసినావే?” అన్నాడు.

“కొట్టీసినప్పుడు సూళ్ళేదేటి మావా?”

“సూళ్ళేదు.”

ఆవిడ మోకాళ్ళ మీద చెయ్యి ఆన్చి లేచింది. గోడ ఎడమ చివరకు వెళ్ళి, తెల్లటి సున్నం మీద అరచెయ్యి పెట్టింది.

“ఇక్కడ రైలు. దిగినోడివి నువ్వు.” రెండడుగులు జరిగింది. “ఇక్కడ పందిరి. పీట మీద నువ్వు.” ఇంకాస్త జరిగింది. “ఇక్కడ నిచ్చిన, ఎక్కినోడివి నువ్వే. ఇది సాంపా కేబిను. ఇక్కడ సిగ్నలు కింద కూకోని అన్నం తింతన్నావు.”

అమ్మన్న ఆవిడ చెయ్యి ఎక్కడ పెడితే అక్కడికి కదిలాడు. చెయ్యి తీసిన చోట తెల్లగోడను దగ్గరగా చూశాడు, కింద నుంచి పై దాకా చూశాడు. అంతకాలం గోడలకు సున్నం కొట్టిన మనిషి ఒక గోడను అలా చూడ్డం నేనెరగను.

“ఇది మంచం,” అంది ఆవిడ చివర్న. “డ్యూటీ దిగొచ్చి పడుకున్నావు. నాను నీ కాళ్ళ సున్నం తుడుత్తన్నాను.”

“నన్ను లేపనేదేటే?”

“లేపితే, పొద్దల్లా గోడలే సూత్తన్నానంతావు గదా మావా.”

అమ్మన్న వంగిన భుజం ఇంకాస్త వంగింది. గోడకు నుదురు ఆనించి చాలాసేపు అలాగే ఉండిపోయాడు. తిరిగేసరికి నుదుటి మీద సున్నం అంటుకుంది.

“మళ్ళా రాయవేటి? మన ఇంటి గోడ మీద.”

“ఓపిక నేదు మావా. ఓపాలి రాసినాను.”

నేను గుమ్మంలోనే ఆగిపోయాను. నాకు ఆవిడ మీద కోపం రాలేదు, ఆ అలసట ఏమిటో నాకు తెలుసు. తాళంకప్ప, చెవి గడప మీద పెట్టి వెనక్కి తిరిగాను. అడుగు వెయ్యబోతుంటే అమ్మన్న గొంతు వినపడింది.

“పోనీ మళ్ళా ఓపాలి సెప్పవే. మొదట్నించి.”

ఆవిడ విసుక్కుంది. పొద్దెక్కిపోతోందనీ, పొయ్యి ముట్టించాలనీ అంది. తర్వాత కాళ్ళీడ్చుకుంటూ ఎడమ చివరకు నడిచింది.

“ఇక్కడ రైలు,” అంది.